ఎవరి బడ్జెట్టు? ఎవరి భద్రత?

పార్లమెంటు సమావేశాలు నడుస్తున్నాయంటే మన పల్లెల్లో చాలామంది ఏమనుకుంటారు? ఢిల్లీలో పెద్దలంతా కూర్చుని దేశం డబ్బు పైసా పైసా లెక్క చూస్తున్నారనుకుంటారు. బడికెంత, ఆసుపత్రికెంత, తుపాకీకెంత, హాస్టలు పిల్లోడి అన్నానికెంత అని వాదులాడుకుని తేలుస్తున్నారనుకుంటారు. ఓటేసిన వాళ్ళం గనక అట్లా అనుకోవడంలో తప్పులేదు. కానీ జరిగేది అది కాదు.

జరిగేది చెప్తాం వినండి. 11 గంటలకి లోక్‌సభ మొదలవుతుంది. ప్రశ్నోత్తరాల గంట. అరుపులు. వాయిదా. 12 గంటలకి మళ్ళీ కూడతారు. కాగితాలు బల్లమీద పెడతారు. మళ్ళీ అరుపులు. 2 గంటలకి వాయిదా. ఆ తర్వాత ఆ గోలలోనే ఒక మంత్రి లేచి బిల్లు చదువుతాడు. "అనుకూలురు అవుననండి, వ్యతిరేకులు కాదనండి" అంటాడు సభాపతి స్థానంలో కూర్చున్నాయన. ఎవరేమన్నారో ఎవరికీ వినపడదు. బిల్లు పాసయింది అంటాడు. మర్నాడు పేపర్లో "పార్లమెంటు స్తంభించింది" అని రాస్తారు. స్తంభించింది చర్చ మాత్రమే. పాలకుల పని ఒక్కపూట కూడా ఆగలేదు.

రుజువులు కావాలా? 2018 మార్చి 14న లోక్‌సభ 24 లక్షల కోట్ల పైచిలుకు బడ్జెట్టుని అరగంటలో చర్చ లేకుండా పాస్ చేసింది. మన తెలుగు ఎంపీలు ప్రత్యేక హోదా కోసం ఒకవైపు, రిజర్వేషన్ల కోసం మరొకవైపు ప్లకార్డులు పట్టుకుని నిలబడిన సమావేశాలవి. వాళ్ళ అరుపుల మధ్యలోనే పద్దులన్నీ దాటిపోయాయి. 2023 మార్చి 23న అదే కథ. అదానీ మీద సంయుక్త కమిటీ వెయ్యమని ప్రతిపక్షం, లండన్ ప్రసంగానికి రాహుల్ గాంధీ క్షమాపణ చెప్పాలని అధికారపక్షం. ఆ గోలలో 45 లక్షల కోట్లు నిమిషాల మీద పాసయ్యాయి. కిరాణా కొట్లో పావుకిలో కందిపప్పు కొనేటప్పుడు కూడా మన అమ్మలు అంతకంటే ఎక్కువసేపు బేరమాడతారు.

దీన్ని గిలెటిన్ అంటారు. ఫ్రాన్సులో తలలు నరికిన యంత్రం పేరు. ఒక తేదీ, ఒక టైము పెట్టుకుంటారు. ఆ టైముకి చర్చ జరగని పద్దులన్నిటినీ ఒక్క వేటుతో పాస్ చేస్తారు. చర్చ సాఫీగా జరిగిన ఏడాదిలో కూడా నాలుగైదు మంత్రిత్వ శాఖల పద్దులే చర్చకొస్తాయి. ఏ శాఖ చర్చకి రావాలో సభా వ్యవహారాల సలహా కమిటీ తేలుస్తుంది. స్పీకరుతో కలిపి 15 మంది. పార్టీల బలాన్ని బట్టి అందులో కుర్చీలు. సాంఘిక న్యాయం శాఖ వంతు ఎన్నేళ్ళకొకసారి వచ్చిందో మీ ఎంపీని అడిగి చూడండి. తల గోక్కుంటాడు. గొడ్డలి పడేది ఎప్పుడూ చివర నిలబడ్డవాడి మెడమీదే. అది మనకి కొత్త కాదు.

జీతానికి ఒక న్యాయం, స్కాలర్‌షిప్పుకి ఒక న్యాయం

2018లో చర్చ లేకుండా పాసైన ఆ ఆర్థిక బిల్లు లోపల ఏముందో చూడండి. ఎంపీల నెల జీతం 50 వేల నుంచి లక్షకి పెరిగింది. అంతటితో ఆగలేదు. ధరలు పెరిగిన కొద్దీ ఐదేళ్ళకొకసారి తనంతట తానే పెరిగేటట్టు రాసుకున్నారు. ఆ రాత ప్రకారమే 2025 మార్చిలో ఒక నోటిఫికేషన్ వచ్చింది. జీతం లక్షా 24 వేలయింది, 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి మరీ. సంతకం పెట్టిన రోజుకిచ్చే దినభత్యం 2 వేల నుంచి 2,500 అయింది. ఇంకోటి కూడా ఉంది ఆ బిల్లులో. విదేశీ చందాల చట్టాన్ని 1976 నుంచి వర్తించేటట్టు వెనక్కి తిరగరాసి, పెద్ద పార్టీలు రెంటినీ కేసు నుంచి గట్టెక్కించారు. సభలో కొట్టుకుంటున్నట్టు కనపడే వాళ్ళు తమ గోచీ ఊడేకాడికి ఎట్లా ఒకటవుతారో చూశారా?

ఇప్పుడు మన పిల్లల సంగతి. పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. వైస్రాయి కార్యవర్గంలో ఉన్న బాబాసాహెబ్ పోరి తెచ్చింది. ఇది రావాలంటే ఇంటిల్లిపాది ఏడాది ఆదాయం 2 లక్షల 50 వేలు దాటకూడదని 2013లో హద్దు పెట్టారు. 2021లో మార్గదర్శకాలు మళ్ళీ రాసినప్పుడు కూడా ఆ హద్దుని కదపలేదు. ఆ ఎనిమిదేళ్ళలో బియ్యం ధర కదిలింది, బస్సు చార్జీ కదిలింది, కాలేజీ ఫీజు కదిలింది. నెలకి 21 వేలు కూడా లేని లెక్క అది. మునిసిపాలిటీలో కాంట్రాక్టు మీద ఊడ్చే తల్లి, ఆటో తోలే తండ్రి కలిసి సంపాదిస్తే ఆ హద్దు దాటుతుంది. దాటితే ఆ పిల్ల "ధనవంతురాలు" అయిపోతుంది.

ధరలు పెరుగుతాయని ఎంపీలకి తెలుసు. తెలుసు గనకే తమ జీతాన్ని ధరల సూచీకి కట్టుకున్నారు. మా పిల్ల స్కాలర్‌షిప్పు హద్దుని ఆ సూచీకి ఎందుకు కట్టలేదు? ఇది ఖజానాలో డబ్బు లేక కాదు. అడిగే నోరు ఆ సభలో లేక.

మన పేరు, వాళ్ళ ఖర్చు

ఎస్సీల జనాభా 2011 లెక్కల ప్రకారం నూటికి 16.6. జనాభా వాటా ప్రకారం ప్రణాళిక డబ్బు వేరుగా తీసిపెట్టాలని 1979-80లో ప్రత్యేక అంగ ప్రణాళిక పెట్టారు. తర్వాత దాన్నే సబ్‌ప్లాన్ అన్నారు. 2017-18లో ప్రణాళిక, ప్రణాళికేతర పద్దుల తేడా ఎత్తేశారు. సబ్‌ప్లాన్‌కి పునాదిగా ఉన్న "ప్లాన్" అనే మాటే పోయింది. మిగిలింది బడ్జెట్టు పుస్తకంలో "10ఎ" అనే ఒక పట్టిక. 2023-24లో ఆ పట్టిక కింద చూపించింది 1.59 లక్షల కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. లోపలికి దిగి చూస్తే ఎరువుల సబ్సిడీలో ఇంత భాగం ఎస్సీలదని రాసి ఉంటుంది. దళితుల్లో ఎక్కువమంది పరాయి చేలో కూలికి పోయేవాళ్ళు. సెంటు భూమి లేని మాదిగ ఏ చేనుకి యూరియా చల్లాడు? దొర పొలంలో చల్లిన యూరియా మా ఖాతాలో రాశారు. మోసింది మేము, చల్లింది మేము, అందుకని లబ్ధిదారులం కూడా మేమేనంట!

ఇది ఇప్పుడు పుట్టిన తెలివి కాదు. 2010లో ఢిల్లీలో కామన్‌వెల్త్ ఆటల కోసం ఎస్సీ సబ్‌ప్లాన్ డబ్బు 700 కోట్లకి పైగా మళ్ళించారని సమాచార హక్కు కింద బయటపడింది. రాజ్యసభలో నిలదీస్తే అప్పటి హోంమంత్రి చిదంబరం తప్పు జరిగిందని ఒప్పుకోక తప్పలేదు. గమనించండి, ఒక్కరోజు సభలో గట్టిగా అడిగితే ఒప్పుకున్నారు. అందుకే అడిగే రోజు రాకుండా చూసుకుంటున్నారు.

మన రాష్ట్రంలో ఏం చేశామో గుర్తుచేసుకుందాం. ఊరూరా తిరిగి, ధర్నాలు చేసి, లెక్కలు తీసి, పాదయాత్రలు చేసి సబ్‌ప్లాన్‌కి చట్టం తెచ్చుకున్నాం. 2012 డిసెంబరులో శాసనసభ పాస్ చేసింది, 2013లో చట్టమైంది. దేశంలో అదే మొదటిది. దానికి పదేళ్ళ గడువు పెట్టారు, 2023లో ఆంధ్రలో మరో పదేళ్ళు పొడిగించక తప్పలేదు. తెలంగాణ 2017లో వేరే చట్టం చేసుకుంది, ఖర్చుకాని డబ్బుని మరుసటి ఏడుకి కలపాలనే మాట అందులో ఉంది. అమలు ఎట్లా ఉన్నదనేది వేరే తగాదా, అది మేము వదలం. కానీ చట్టమంటూ ఉంటే కాగితం పట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చోవచ్చు. కేంద్రంలో అట్లాంటి చట్టం ఇప్పటికీ లేదు.

నెలరోజుల్లో ఒకటి, ఐదేళ్ళకి ఒకటి

ఇక భద్రత. ఆ మాట వినగానే పార్లమెంటు నిటారుగా లేచి కూర్చుంటుంది. అప్పుడు అరుపులు ఉండవు, వాయిదాలు ఉండవు, డబ్బు లేదనే మాట అసలు ఉండదు. చరిత్ర చూడండి.

రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకొచ్చింది. ఒక్క నెల తిరక్కుండానే, ఫిబ్రవరిలోనే, విచారణ లేకుండా మనిషిని లోపలెయ్యడానికి నివారక నిర్బంధ చట్టం వచ్చింది. అదే రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. దాన్ని నేరంగా శిక్షించే చట్టం ఎప్పుడొచ్చింది? 1955లో. రాజ్యానికి భయం వేస్తే నెల. మనిషికి అవమానం జరిగితే ఐదేళ్ళు.

1985లో టాడా వచ్చింది. అదే ఏడు జూలై 17న కారంచేడులో మాదిగల్ని వేటాడి చంపారు. గొడ్డళ్ళతో, బరిసెలతో పట్టపగలు జరిగినదాన్ని ఈ దేశం భద్రత సమస్య అనలేదు. అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి 1989 దాకా పట్టింది. దానికి నిబంధనలు రాయడానికి 1995 దాకా పట్టింది. ఈ మధ్యలో 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికి కాలవలో వేశారు. ఊళ్ళో పోలీసులు ఉండగానే నరికారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది.

2008 నవంబరులో ముంబయి మీద దాడి జరిగితే డిసెంబరులోనే ఎన్‌ఐఏ చట్టం, ఊపా సవరణ రెండు సభల్లోనూ పాసయ్యాయి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం పళ్ళు పీకితే ఏమయింది? ఏప్రిల్ 2న మన జనం దేశమంతా రోడ్డెక్కారు. తుపాకీ తూటాలకి మనుషులు రాలారు. ఆ తర్వాత గానీ, ఆగస్టులో గానీ సవరణ రాలేదు. వాళ్ళకి భయం చాలు. మాకు శవాలు కావాలి. ఇదీ ఆ సభ తూకం.

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. చనిపోయిన తొమ్మిదిమంది ఎవరు? పోలీసులు, కాపలా ఉద్యోగులు, ఒక తోటమాలి. గేటు మూయించడానికి పరిగెత్తిన కమలేశ్ కుమారి అనే కానిస్టేబులు. లోపలున్న సభ్యుల్లో ఒక్కరికీ గీత పడలేదు. ఆ తొమ్మిదిమందికీ మేము తలవంచుతున్నాం. కానీ వాళ్ళ నెత్తురు పేరు చెప్పి ఏం చేశారు? 2002 మార్చి 26న రెండు సభల్నీ కలిపి కూర్చోబెట్టి పోటా పాస్ చేశారు. రాజ్యసభ ఒప్పుకోకపోయినా పాస్ చేశారు. ఉమ్మడి సమావేశం అనేది అంత అరుదైన ఆయుధం. దాన్ని ఆకలి కోసమో అంటరానితనం కోసమో ఎప్పుడైనా వాడారా?

సరిగ్గా 22 ఏళ్ళకి, 2023 డిసెంబరు 13న, ఇద్దరు కుర్రాళ్ళు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకి పసుపు పొగ వదిలారు. వాళ్ళు చేసింది ఒప్పని మేము అనడం లేదు. అధికార పార్టీ ఎంపీ ఇచ్చిన పాసుతో లోపలికొచ్చారు. హోంమంత్రి సభకొచ్చి జవాబు చెప్పమని ప్రతిపక్షం అడిగింది. అడిగినందుకు రెండు సభల్లో కలిపి 146 మందిని బయటికి నెట్టారు. ఆ ఖాళీ బెంచీల ముందు, 20, 21 తేదీల్లో, దేశం శిక్షాస్మృతినే మార్చే మూడు బిల్లులు పాస్ చేసుకున్నారు. భద్రత లోపం గురించి అడిగినవాడు బయట. భద్రత పేరుతో పోలీసు చేతికి ఇంకో కర్ర లోపల. ఆ కర్ర ముందుగా ఏ వాడలో దిగుతుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊపా కింద ఆనంద్ తేల్తుంబ్డే లొంగిపోవాల్సి వచ్చింది ఏ రోజున? 2020 ఏప్రిల్ 14న. అంబేద్కర్ జయంతి రోజున. 2022 నవంబరు దాకా ఆయన జైల్లోనే ఉన్నాడు.

మ్యాన్‌హోలుకి భద్రత లేదా?

2023 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి బడ్జెట్టు ప్రసంగంలో ఇకమీద మనిషి దిగే మ్యాన్‌హోలు ఉండదు, మిషను దిగే హోలే ఉంటుంది అన్నారు. బల్లలు చరిచారు. అదే ఏడు జూలైలో అదే ప్రభుత్వం అదే లోక్‌సభకి చెప్పింది, 2018 నుంచి అప్పటిదాకా మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో 339 మంది చనిపోయారని. అంతకు ముందు 2021లో ఇంకా చిత్రమైన జవాబు చెప్పారు. చేతులతో మలం ఎత్తే పని వల్ల ఒక్క చావూ లేదంట! మురుగు శుభ్రం చేస్తూ 941 మంది పోయారంట! చావుకి పేరు మారిస్తే చావు మాయమవుతుందా? 1993లో ఒక చట్టం, 2013లో ఒక చట్టం. రెండూ ఆ సభే చేసింది. చట్టం ఆ సభది, శవం మాది.

339 మంది సైనికులు సరిహద్దులో పోయి ఉంటే ఆ సభ ఎట్లా ఊగిపోయేది! ఊగిపోవాలి కూడా. మా ప్రశ్న ఒక్కటే. ఢిల్లీ మురుగు కాలవలో విషవాయువు పీల్చి పోయిన వాల్మీకి కుర్రాడు ఈ దేశ పౌరుడు కాదా? 2022 ఒక్క ఏడాదిలో దళితుల మీద నేరాల కేసులు 57,582 నమోదైనాయని ప్రభుత్వ లెక్కే చెప్తోంది. రోజుకి 157. ఇది భద్రత సమస్య కాకపోతే మరేది?

"అయితే దేశానికి సైన్యం వద్దంటారా? మీరు దేశద్రోహులు" అని అరిచేవాళ్ళున్నారు. ఆ మాట బాబాసాహెబుని అనగలరా? ఆయన 1951 సెప్టెంబరులో నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికొచ్చాడు. అందరికీ హిందూ కోడ్ బిల్లు ఒక్కటే గుర్తు. ఆ రాజీనామా ప్రకటనలో ఇంకో లెక్క ఉంది. ఏటా వచ్చే రాబడి 350 కోట్లయితే అందులో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని, దీనికి కారణం మన విదేశాంగ విధానమేనని ఆయన వేలెత్తి చూపాడు. షెడ్యూల్డు కులాల మీద పాత దౌర్జన్యాలే సాగుతున్నాయని అదే ప్రకటనలో రాశాడు. బడ్జెట్టూ, భద్రతా, అంటరానితనమూ ఒకే కాగితం మీద పెట్టి చూసిన మనిషి ఆయన. రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం రాసినవాడు, లెక్క తెలియక మాట్లాడలేదు. మరి ఆ ప్రకటనని సభలో చదవనిచ్చారా? అక్టోబరు 10న, ముందు కాపీ చూపించమన్నారు. ఆయన సభ వదిలి బయటికొచ్చి పత్రికలకిచ్చాడు. రాజ్యాంగం రాసినవాడి నోరే నొక్కిన సభ అది.

ఇప్పటికీ అంతే. 2024 జూన్‌లో పార్లమెంటు ఆవరణలో ఆయన విగ్రహాన్ని పాత చోటు నుంచి తీసి వేరేచోట పెట్టారు. ఆ డిసెంబరు 17న రాజ్యసభలో హోంమంత్రి అంబేద్కర్ పేరు తలవడం ఫ్యాషనైపోయిందన్నాడు. జనం మండిపడ్డారు. 19న గేటు దగ్గర తోపులాట జరిగింది. వెంటనే ఏ ఎంపీ పార్లమెంటు గేట్ల ముందు నిరసన చెయ్యకూడదని స్పీకరు ఆదేశం. చూశారా, అంబేద్కర్ని అవమానించడం భద్రత సమస్య కాలేదు. దాన్ని ప్రశ్నించడం భద్రత సమస్య అయింది.

మన 84 మంది ఎక్కడ?

"మీవాళ్ళు 84 మంది లోక్‌సభలో ఉన్నారు గదా, ఇంకేం కావాలి?" అంటారు. నిజమే. ఎస్సీలకి 84, ఎస్టీలకి 47. కలిపితే 131. 2024లో కాంగ్రెసుకి వచ్చినవి 99. అంటే ఆ 131 మంది ఒక మాట మీద నిలబడితే ఆ సభలో రెండో పెద్ద పక్షం వాళ్ళే. అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు, పెద్దపల్లి, వరంగల్, నాగర్‌కర్నూల్ ఎస్సీ స్థానాలు మన తెలుగువాళ్ళవే. కానీ వాళ్ళు మన ఓటుతో ఒక్కటే గెలవరు. 1932లో పూనాలో ప్రత్యేక నియోజకవర్గాలు పోయిన దగ్గర్నుంచి, ఊరు మొత్తానికి నచ్చిన దళితుడే గెలుస్తున్నాడు. గెలిచాక 1985 ఫిరాయింపుల చట్టం ఉంది. విప్ వస్తే చెయ్యెత్తాల్సిందే. టిక్కెట్టిచ్చిన దొర ముందు నిలబడ్డ పాలేరు స్థితి అది.

అయినా విప్ అడ్డం రాని పని ఒకటుంది. అడగడం. కోత తీర్మానం అని ఒక ఆయుధం ఉంది. ఏ పద్దు మీదైనా 100 రూపాయలు తగ్గించమని నోటీసివ్వొచ్చు. తగ్గించడం కోసం కాదు, ఆ శాఖ తప్పుని రికార్డుకెక్కించడం కోసం. నోటీసిచ్చినంత మాత్రాన సభ్యత్వం పోదు. ప్రశ్న వేస్తే పోదు. గిలెటిన్ పడ్డా ఆ నోటీసు కాగితం మిగులుతుంది.

అందుకని మేము అడుగుతున్నాం:

ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్‌కి కేంద్రంలో చట్టం చెయ్యాలి. ఖర్చుకాని డబ్బు మురిగిపోకుండా మరుసటి ఏడుకి రావాలి.

సాంఘిక న్యాయం, గిరిజన సంక్షేమం పద్దులు గిలెటిన్ కింద పడకుండా ప్రతి ఏడూ సభలో చర్చ జరగాలి.

స్కాలర్‌షిప్పు ఆదాయ హద్దుని, ఎంపీల జీతాన్ని కట్టిన ధరల సూచీకే కట్టాలి.

మురుగు కాలవ చావుల మీద, అట్రాసిటీ కేసుల మీద ప్రతి సమావేశంలో హోంమంత్రి స్వయంగా ప్రకటన చెయ్యాలి. అదీ దేశ భద్రతే.

మిత్రులారా, ఏప్రిల్ 14 వస్తుంది. మీ నియోజకవర్గం ఎంపీ దండ పట్టుకుని మన విగ్రహం దగ్గరికొస్తాడు. దండ వెయ్యనివ్వండి. వేశాక మైకు ముందు నిలబెట్టి అడగండి: "అయ్యా, పోయిన బడ్జెట్టు సమావేశాల్లో మా పద్దు మీద ఎన్ని ప్రశ్నలు వేశావు? ఎన్ని కోత తీర్మానాలిచ్చావు? 10ఎ పట్టిక ఒక్కసారన్నా తెరిచావా?" జవాబు చెప్పేదాకా టీ పొయ్యొద్దు, శాలువా కప్పొద్దు. అక్కడ 45 లక్షల కోట్లకి లెక్క అడగనివాడికి ఇక్కడ మన పేటలో లెక్క అడగడం నేర్పుదాం.

జై భీమ్!